చెఱసాల యోగ్యతాపత్రమగునా?

గినీ దేశపు మొదటి అధ్యక్షుడు ఆల్ఫా కోండేకు మరణదండన విధించెను. రెండవ అధ్యక్షుడు ఆయనను రెండేండ్లకు పైబడి చెఱసాలయందుంచెను. అటుపై వచ్చిన సైనికాధికారులు తమలో తాము కాల్చుకొని చెల్లాచెదరు కాగా, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున ఆయనయే అధ్యక్షపీఠము నధిష్ఠించెను. పదునొకండేండ్లు నిండకమునుపే, ఆయన పాలనలోనే రూపొందిన ప్రత్యేక సైనికదళము ఆయనను పదవినుండి త్రోసివేసినప్పుడు, రాజధానియగు కొనాక్రీలోని పెక్కు పేటలలో జనులు వీధులకెక్కి, సైనికుల వాహనములను చుట్టుముట్టి జయజయధ్వానములు చేసిరి.

ఈ వృత్తాంతమును చదివి, అధికారము ఎంతటివానినైనను చెఱచునని నిట్టూర్చి ఊరకుండుట సులభము. నాకు ఆ వివరణము చాలినట్లు తోచదు. అధికారము లేని నలుబదియేండ్ల కాలమున ఆ మనుష్యుని మనస్సులో ఒక బాకీ పేరుకొనినదనియు, పదవి చేతికందిన పిమ్మట దానిని దేశమునుండి వసూలుచేయుటకు ఆయన పూనుకొనెననియు అనుకొన్నచో జరిగినదంతయు ఎక్కువ బోధపడును. ప్రతిపక్షనాయకుడు అనుభవించిన కష్టములను పరిపాలనార్హతకు నిదర్శనములుగా లెక్కించు అలవాటు మనకును ఉన్నది గనుక, అట్లాంటిక్ తీరముననున్న ఆ చిన్నదేశపు కథను ఇచట కొంత విస్తరించి చెప్పదలచితిని.

1958 సెప్టెంబరు 28న జనరల్ డిగాల్ తన ఆఫ్రికా వలసలనన్నిటిని ఒక ప్రశ్న యడిగెను: ఫ్రెంచి సమాజములో కొనసాగుదురా, లేక తెగతెంపులు చేసికొందురా యని. కొనసాగమని చెప్పినది గినీ యొక్కటియే. అదియును నూటికి తొంబదియైదుగురికి మించిన ఓట్లతో. నాలుగు దినములలో, అక్టోబరు 2న, స్వాతంత్ర్యము వచ్చెను. ఫ్రెంచివారు మాత్రము తమ ఉద్యోగులను, దస్తరములను, సామగ్రిని తరలించుకొనిపోయిరి. వెళ్లుచు వెళ్లుచు టెలిఫోను తీగలను సైతము పెఱికికొనిపోయిరని ఆ దేశమున నేటికిని చెప్పుకొందురు. అంతటి అవమానమును తలవంపక సహించిన కార్మికనాయకుడు, మొదటి అధ్యక్షుడు అహ్మద్ సెకూ టూరే ఆఫ్రికాఖండమునకంతకును ఆరాధ్యుడయ్యెను. ఆ ఆరాధ్యుడే, ప్రతి మూలయందును కుట్రలను శంకించుచు, కొనాక్రీనగరములోని బోయిరో శిబిరమును నరకకూపముగా మార్చెను. 1970 నవంబరులో పోర్చుగీసు సైనికులును, వారితోకూడిన గినీ ప్రవాసులును సముద్రమార్గమున రాజధానిపై దాడిచేసి వెనుదిరిగిన తరువాత, ఆయన ప్రభుత్వము వందలకొలది జనులను నిర్బంధించెను. 1971 జనవరిలో కొందఱు ప్రముఖులను నగరమధ్యముననున్న వంతెనకు బహిరంగముగా ఉరితీసెను. ఆఫ్రికా ఐక్యసంస్థకు మొట్టమొదటి ప్రధానకార్యదర్శిగా పనిచేసిన దియాలో తెల్లీయంతటివాడు 1977లో ఆ శిబిరముననే అన్నపానీయములు లేక మాడి మరణించెను.

ఆ భీకరకాలముననే, పారిస్‌లోనున్న ఆల్ఫా కోండేకు, నిందితుడు ఎదుట లేకుండగనే, మరణశిక్ష పడెను. ఆయన 1938 మార్చి 4న బోకే పట్టణమున జన్మించి, పదునైదేండ్ల వయస్సుననే ఫ్రాన్సు చేరి, రాజనీతిశాస్త్రమును న్యాయశాస్త్రమును అభ్యసించి, ఫ్రాన్సులోని నల్లజాతి ఆఫ్రికా విద్యార్థుల సమాఖ్యకు నాయకుడై, పిదప విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును బోధించెను. స్వదేశమున అనుచరులు ఆయనను చివరిదాక 'ప్రొఫెసర్' అనియే పిలిచిరి.

ప్రవాసమునందలి రాజకీయము విచిత్రమైన విద్యాలయము. అచట బడ్జెటు లేదు. ఆసుపత్రిలో మందులు లేవని అడుగువారు లేరు. తనవలెనే దేశమును ప్రేమించుచు తనతో విభేదించు ప్రత్యర్థితో ఒక బల్లచుట్టు కూర్చుండి బేరమాడవలసిన అవసరము లేదు. చేయవలసిన పనియెల్ల, దూరముననున్న నియంతను ఖండించుటయే. ఆ ఖండనము ప్రతి సంవత్సరమును సత్యమని తేలుచుండుటయును సహజమే. ఇట్లు ముప్పదియేండ్లకు పైగా తనమాటయే ఒప్పని ఋజువగుచుండగా చూచిన మనుష్యునకు, తాను ఒప్పు కాకపోవు దినమొకటి రాగలదను ఊహ క్రమముగా నశించును. ఇది నా తలంపే కాని, కోండే తరువాతి నడవడి దీనికి సాక్ష్యమిచ్చుచున్నది.

సెకూ టూరే 1984 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండు ఆసుపత్రిలో మరణింపగా, వారము దాటినంతనే లాన్సానా కోంతే యను సైనికాధికారి అధికారమును చేజిక్కించుకొనెను. బహుపక్షవ్యవస్థకు ద్వారములు తెఱువబడిన పిదప, 1991 మే నెలలో కోండే స్వదేశమునకు తిరిగివచ్చెను. 1993 డిసెంబరు ఎన్నికలో ఆయనకు బలమున్న కంకన్, సిగిరీ ప్రాంతముల ఓట్లను సుప్రీంకోర్టు రద్దుచేసెను, కోంతే 51.7 శాతముతో గట్టెక్కెను. 1998లో జరిగినది ఇంకను నిర్లజ్జమైనది. పోలింగు ముగిసిన మఱునాడే, లెక్కింపు సాగుచుండగానే, ఐవరీకోస్టు సరిహద్దు చెంత కోండేను నిర్బంధించి, దేశభద్రతకు భంగము కలిగింప యత్నించెనని ఆరోపించిరి. ఆయన అప్పటికి పార్లమెంటు సభ్యుడు. విచారణ 2000 ఏప్రిల్‌లో గాని మొదలుకాలేదు. సెప్టెంబరులో ఐదేండ్ల శిక్ష పడెను. 2001 మే నెలలో క్షమాభిక్షతో విడుదల దొరకెను.

విడుదలయైన ఆ సంవత్సరపు నవంబరులోనే కోంతే ఒక ప్రజాభిప్రాయ సేకరణము జరిపించి, అధ్యక్షుడు రెండు పర్యాయములకు మించి ఉండరాదను నిబంధనను రాజ్యాంగమునుండి తీసివేసెను. అధికారిక లెక్కలలో నూటికి తొంబదియెనిమిది మంది అవునన్నారట. ప్రతిపక్షము ఆ తంతును బహిష్కరించెను. ఆ ప్రతిపక్షమున అగ్రగణ్యుడు కోండే. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

కోంతే 2008 డిసెంబరులో పదవియందుండగానే మరణించెను. మూసా దాదిస్ కమారా యను కాప్టెను గద్దెనెక్కెను. ఎన్నికలలో తాను నిలువనని మొదట చెప్పి, పిదప నిలువదలచినట్లు కనబడుటతో, 2009 సెప్టెంబరు 28న ప్రతిపక్షములు కొనాక్రీ క్రీడాంగణమున సభ జరిపినవి. డిగాల్‌కు కాదని చెప్పిన దినము పేరనే ఆ క్రీడాంగణమునకు నామకరణము జరిగియుండెను. సైనికులు ద్వారములను చుట్టుముట్టి జనసమూహముపై కాల్చిరి. పట్టపగలు స్త్రీలపై అత్యాచారములు చేసిరి. ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘము మృతులు, అదృశ్యులైనవారు 156 మంది యనియు, అత్యాచారమునకు గురియైనవారు 109 మంది యనియు తేల్చెను. మాజీ ప్రధానియు, ప్రతిపక్షనాయకులలో ముఖ్యుడునగు సెల్లూ దలీన్ దియాలో ఆ దినమున తీవ్రముగా కొట్టబడి గాయపడెను. బాధపడినవాడు కోండే ఒక్కడే కాడు.

అయినను, బాధ విషయమున అందఱికంటె పాతవాడు కోండేయే. 2010 జూన్ 27న జరిగిన మొదటి విడతలో దియాలోకు 43.69 శాతము ఓట్లు, కోండేకు 18.25 శాతము మాత్రమే వచ్చినవి. రెండవ విడత వాయిదాలపై వాయిదాలు పడి నవంబరు 7 వఱకు జరుగలేదు. ఈ నాలుగు మాసములలో దేశము తెగలవారీగా చీలిపోయెను. పొత్తులు కుదిరినవి, సభలో నీళ్లలో విషము కలిపిరను వదంతి లేచి, మలింకే జాతీయులు అధికముగానున్న ఎగువ గినీ పట్టణములనుండి దియాలో చెందిన ఫులానీ జాతీయుల కుటుంబములు వేలకొలదిగా పాఱిపోవలసివచ్చెను. చివరకు 52.52 శాతముతో కోండే గెలిచెను. తాను గినీకి మండేలా కాదలచితినని ఆయన చెప్పుకొనెను. తెగల నడుమ ఆ యెన్నిక చేసిన గాయము ఆయన పాలించిన కాలమంతయు మానలేదు.

ఆయన చేసిన మంచిని చెప్పకపోవుట అన్యాయము. తనకు దేశము దొరకినదే కాని రాజ్యయంత్రము దొరకలేదని ఆయన వాపోయినమాట అతిశయోక్తి కాదు. సైన్యమునుండి దాదాపు 4,000 మందిని పదవీవిరమణ చేయించి పంపుట, 2012లో విదేశీ ఋణములలో అధికభాగమును మాఫీ చేయించుకొనుట, 240 మెగావాట్ల కలేతా జలవిద్యుత్కేంద్రమును నిర్మించుట సామాన్యములు కావు. గెకెదూ ప్రాంతమున ఒక పల్లెలో మొదలైన ఎబోలా మహమ్మారి గినీలో 2,500 మందికి పైగా బలిగొన్నప్పుడు ఆయన ప్రభుత్వము తడబడినది, నిజమే. కాని ఆ తడబాటులో సగము పూర్వపాలకుల వారసత్వము. 2014 సెప్టెంబరులో వోమే గ్రామమునకు జాగ్రత్తలు చెప్పుటకు వెళ్లిన బృందములోని ఎనిమిది మందిని గ్రామస్థులే చంపివేసిరి. సర్కారు మనుష్యులు మేలుచేయ వచ్చిరన్నచో నమ్మలేని స్థితికి ఏబదియేండ్లకు పైబడిన పాలన ఆ పల్లెవారిని తెచ్చియుండెను.

గనుల సంగతి వేఱు. ప్రపంచమున బాక్సైటు నిక్షేపములు అన్నిటికంటె అధికముగా గినీలోనే కలవు. వానిలో ముఖ్యమైనవి కోండే పుట్టిన బోకే ప్రాంతముననే యున్నవి. 2015లో సుమారు రెండు కోట్ల టన్నులుగానున్న ఎగుమతి 2020 నాటికి ఎనిమిది కోట్ల టన్నులు దాటెను; అందులో పెద్దపాలు చీనాకు పోయెను. విశాఖమన్యమున బాక్సైటు త్రవ్వకములపై ఏండ్లతరబడి సాగిన వివాదమును ఎఱిగిన తెలుగువారికి, కొండను త్రవ్వి ఓడకెక్కించిన లాభము కొండక్రింద నివసించువానికి ఎంతవఱకు చేరునో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2017లో బోకే యువకులు వీధులకెక్కి, కరెంటు లేదు, మంచినీరు లేదు, గనుల లారీలు రేపు దుమ్ము మాత్రము ఇండ్లనిండ నున్నదని అల్లరులు చేసిరి. అధ్యక్షుని జన్మస్థలమే ఆయనపై తిరుగబడెను.

ఇక అసలు విషయము. 2010నాటి రాజ్యాంగము, దాదిస్ కాలపు నెత్తురు ఆరకమునుపు వ్రాయబడినదగుటచే, ఎవ్వరును ఎట్టి పరిస్థితియందును, వరుసగానైనను కాకున్నను, రెండు పర్యాయములకు మించి అధ్యక్షులు కారాదని శాసించెను. అంతటితో తృప్తిపడక, ఈ నిబంధనను సవరణచేయుటకే వీలులేదని మఱియొక అధికరణమున బిగించెను. 2015 డిసెంబరులో కోండే రెండవమాఱు ప్రమాణము చేసినప్పుడు, ప్రమాణము చేయించిన రాజ్యాంగ న్యాయస్థానాధ్యక్షుడు కెలెఫా సాల్, విదేశాతిథులు వినుచుండగా, రాజ్యాంగమును సవరింపుమని చెవిలో మధురముగా పాడువారి గానమునకు లోబడవలదని అధ్యక్షునికి ముఖాముఖిగా హితవు చెప్పెను. ఉత్సవదినమున అట్టిమాట పలుకుట మర్యాదకాదని ఆనాడు నొచ్చుకొన్నవారు ఉండవచ్చును. నాకు మాత్రము గినీ ఆధునికచరిత్రలో ఇంత నిండైన మర్యాద మఱియొకటి కనబడదు. మూడేండ్లలో, 2018లో, సహన్యాయాధిపతులు ఆయనను పదవినుండి తొలగించిరి. ప్రభుత్వము ఆ తొలగింపును ఖాయపఱచెను. మఱుసటి సంవత్సరము న్యాయశాఖామంత్రి షేక్ సాకో, క్రొత్త రాజ్యాంగమునకు తాను సమ్మతింపజాలనని రాజీనామాచేసి వెళ్లిపోయెను.

సవరణకు వీలులేదు గనుక, రాజ్యాంగమునే మార్చిరి. క్రొత్తదానిలో బాల్యవివాహ నిషేధము, ఆడపిల్లల జననాంగచ్ఛేదన నిషేధము మొదలైన శ్లాఘ్యమైన అంశములను ముందువరుసలో నిలిపి, అధ్యక్షుని పదవీకాలమును ఐదునుండి ఆఱేండ్లకు పెంచి, పాత పర్యాయములు లెక్కకు రావని వాదించుటకు మార్గము సుగమము చేసిరి. 2019 అక్టోబరునుండి రాజ్యాంగరక్షణ జాతీయ సమాఖ్య పేర వేలజనులు వీధులలో నడచిరి; పదులకొలది మంది, ముఖ్యముగా యువకులు, పోలీసుల తుపాకులకు బలియైరి. ఓటర్ల జాబితాలో సుమారు 25 లక్షల పేర్లు సందేహాస్పదములని అంతర్జాతీయ పరిశీలకులు చెప్పుటతో కొన్నివారములు ఆగి, 2020 మార్చి 22న, కరోనా భయముతో ప్రపంచము తలుపులు మూసికొనుచున్న దినములలో, ప్రజాభిప్రాయ సేకరణము కానిచ్చిరి. ఫలితము 91 శాతమునకు పైగా అనుకూలము. కోంతే తెచ్చుకొన్న 98 శాతముకంటె కొంచెము తక్కువ, వినయమన్నచో అంతవఱకే. అక్టోబరు 18న జరిగిన ఎన్నికలో కోండే 59.5 శాతముతో మూడవమాఱు గెలిచినట్లు ప్రకటించిరి. ప్రత్యర్థి దియాలో ఇంటిని పోలీసులు ముట్టడించి, ఆయనను బయటకు రానీయకపోయిరి.

తనకు జరిగినదానినే తాను ఇతరులకు చేయుచుంటినని ఆయనకు తోచలేదా? తోచియుండదనియే నా విశ్వాసము. కోంతే మూడవమాఱు కోరినప్పుడు అది సైనికుని దురాశ. తాను కోరినప్పుడు అది తనకు ఆలస్యముగా అందిన న్యాయము. మరణదండన, ప్రవాసము, రద్దైన ఓట్లు, చెఱసాల, ఇవన్నియు కలిపి దేశము తనకు పడియున్న కాలమెంత? పదియేండ్లలో అది తీరునా? ఇట్లు లెక్కవేసికొన్నవానికి రాజ్యాంగములోని రెండు పర్యాయముల హద్దు తన హక్కులో కోతగానే కనబడును. ఆ లెక్క ఆయన ఒక్కడు వేసికొన్నదియును కాదు. అనుచరులు వేసిరి, 2010లో ఓటువేసిన జనులలో పలువురు వేసిరి, ఆయనను తొలి ప్రజాస్వామ్యాధ్యక్షుడని పొగడిన పారిస్ పత్రికలు వేసినవి. చెఱసాల అనునది బంధించినవాని స్వభావమును గూర్చి నిస్సంశయముగా చెప్పును. బంధింపబడినవాడు రేపు పోలీసుశాఖను ఎట్లు నడుపునో అది చెప్పజాలదు. మనదేశమునను జైలుకు వెళ్లివచ్చినవాని మెడలోని దండలు ఎండకమునుపే టికెట్టు ఇచ్చుట ఆనవాయితీ. తామ్రపత్రమును గౌరవించుట ధర్మము, దానిని చూచి శాఖలు పంచుట వేఱు.

పశ్చిమాఫ్రికాలో ఈ తరమువారిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో సంగతి ఇంకను తేటపడును. సెనెగల్ దేశపు అబ్దులాయి వాద్ నాలుగుమాఱులు ఓడి, నడుమ జైలుకు వెళ్లి, 2000లో గెలిచెను. ఐవరీకోస్టున లోరాన్ బగ్బో జైలు చూచివచ్చి అదే సంవత్సరము గద్దెనెక్కెను. కోండేతోకూడ ముగ్గురును అధ్యాపకులే యగుట విశేషము. పరీక్షలు పెట్టుట అలవాటైనవారికి తాము పరీక్షకు కూర్చుండుట కష్టమేమో! బగ్బో 2010లో ఓడియు దిగనని భీష్మించగా సుమారు 3,000 మంది ప్రాణములు పోయినవి. వాద్ ఎనుబదియైదేండ్ల వయస్సున మూడవ పర్యాయమునకు నిలిచి వీధులను రణరంగము చేసెను గాని, ఓట్లు తనకు వ్యతిరేకముగా పడగానే ప్రత్యర్థి మాకీ సాల్‌కు ఆ రాత్రియే ఫోనుచేసి అభినందించెను. అచట ఎన్నికలయంత్రము అధ్యక్షునికంటె బలమైనది, గినీలో కాదు.

నైజర్ దేశమున మహమదు ఇసూఫు పెక్కేండ్లు ప్రతిపక్షమున వేగి, 2011లో అధ్యక్షుడై, రెండు పర్యాయములు ముగియగనే 2021 ఏప్రిల్‌లో దిగిపోయెను. అది ఆయన సద్గుణమనుట సగము నిజము. ఆయనకు పూర్వము పాలించిన మమదు టాంజా పదవీకాలమును పొడిగించుకొనబోయి 2010లో సైన్యముచే కూల్చబడుటను ఆయన కన్నులార చూచెను. అయినను ఇసూఫు వారసుడు బజూమ్‌ను 2023లో సైనికులు పదవీచ్యుతుని గావించిరి గనుక, సమయమునకు దిగిపోయినచో సైన్యము ఊరకుండునని హామీ యిచ్చుటకును వీలులేదు.

కోండే పతనము 2021 సెప్టెంబరు 5న, ఆదివారమునాడు జరిగెను. 2018లో ఆయన పాలనలో నెలకొల్పబడిన ప్రత్యేకదళమునకు అధిపతిగా, ఫ్రెంచి విదేశీసేనలో పనిచేసివచ్చిన మమాది దుంబూయా యను ఉద్యోగిని నియమించియుండిరి. ఆ దళమే రాష్ట్రపతిసౌధముపై పడెను. అదేదినమున వెలువడిన వీడియోలో ఎనుబదిమూడేండ్ల కోండే జీన్సు ప్యాంటుతో, గుండీలు విడిపోయిన చొక్కాతో, చెప్పులు లేని పాదములతో సోఫాలో కూర్చుండియుండగా, తమకేమైన హాని జరిగినదా, జరుగలేదని చెప్పుడని సైనికులు ఆయనను అడుగుచుండిరి. ఆయన పెదవి విప్పలేదు. జీవితమున మాటయే ఆయుధముగా బ్రతికినవాడు ఆ ఒక్క సందర్భమున మౌనము వహించుటలో ఒక హుందాతనమున్నదని ఆయన విమర్శకుడనైన నేను అంగీకరించెదను. మఱునాడు లండన్ విపణిలో అల్యూమినియము ధర పదియేండ్లలో ఎన్నడును లేనంతగా ఎగబ్రాకెను. ఆయనకొఱకు వెలుపలి ప్రపంచము పడిన ఆందోళనలో పెద్దభాగము అదియే.

సైన్యమునకు జయజయధ్వానములు పలికిన జనులను తప్పుపట్టజాలము. ఓటు, న్యాయస్థానము, వీధి, మూడును మూయబడినచోట నాలుగవ ద్వారమున వచ్చినవానిని ప్రజలు పేరడుగరు. కాని ఆ నాలుగవవాడు చేసినదేమి? పరివర్తనకాలపు శాసనపత్రము తన నాయకులెవ్వరును ఎన్నికలలో నిలువరాదని నిర్దేశించెను. 2022లో రాజ్యాంగరక్షణ సమాఖ్యను రద్దుచేసిరి. క్రీడాంగణపు హత్యాకాండకై 2024 జులైలో న్యాయస్థానము దాదిస్ కమారాకు విధించిన ఇరువదియేండ్ల శిక్షను, ఏడాది తిరుగకమునుపే, 2025 మార్చిలో దుంబూయా క్షమించెను. 2025 సెప్టెంబరులో మఱియొక ప్రజాభిప్రాయ సేకరణము జరిపి, పదవీకాలమును ఏడేండ్లు చేయు రాజ్యాంగమును తెచ్చి, తనకున్న అడ్డును తొలగించుకొని, డిసెంబరు ఎన్నికలో అభ్యర్థిగా నిలిచెను.

కోండే మూడవ పర్యాయమును ఎదిరించి ఆయన చెఱసాలలోనే కాలము గడపిన ఉద్యమనాయకుడు ఫోనికే మెంగెను 2024 జులైలో సాయుధులు వచ్చి ఎత్తుకొనిపోయిరి. దియాలో ప్రవాసముననున్నాడు. కోండే గినీ విడిచి ఎమిరేట్లకును, పిదప తుర్కీకిని చేరెను. 2010లో తెగలను రెచ్చగొట్టుకొని ఒకరినొకరు ఓడించుటకు పెనుగులాడిన ఆ యిద్దఱి పక్షములను, సెప్టెంబరు ఓటింగునకు నెలరోజుల ముందు, ప్రభుత్వము తొంబది దినములపాటు నిలుపుచేసెను.